అంచుదాకా పోసిన టీ

"ఈ పెట్టె మీ కాళ్ళ దగ్గర పెట్టుకోండి, బర్నో అక్కా," అంది మఫ్తునా గొంతు తగ్గించి. "కరామత్ పిన్ని పాడుచేసినవన్నీ ఇందులో వెయ్యండి. ఒక్కటి కూడా పారెయ్యొద్దు."

బర్నో కాగితం కోసే మిషన్ పిడి తిప్పడం ఆపలేదు. ఆపితే మళ్ళీ మొదలుపెట్టడానికి భుజం ఒప్పుకోదు. రోలర్ల మధ్య నుంచి ప్లాస్టిక్ పలకలు కిర్రుమంటూ బయటికొచ్చాయి. పై పలక తీసి, ఉక్కు అచ్చు ఎత్తి, దాని కింద తెగిన కాగితం పియాలాని, పిడిలేని టీ గిన్నె బొమ్మని, గోటితో విడదీసింది. కుడివైపు అంచు సగమే తెగింది. ఆ మూల పలక వంగిపోయి చాలాకాలమైంది. అక్కడ పాత క్యాలెండర్ ముక్క ఒకటి సర్ది, అంతా మళ్ళీ రోలర్ల నోటికి అందించింది.

"ఎందుకు?" అని అడిగింది.

"ఎందుకేంటి? ఊరికే పొమ్మంటే వీధంతా నా మీద పడుతుంది. తల్లిలాంటి దాన్ని గెంటేసిందంటారు. చూపించడానికి నా చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా. మా ఆడపడుచు కూతురు ఇంట్లో ఖాళీగా ఉంది. శనివారం నుంచి రమ్మన్నాను."

"నేను వెయ్యకపోతే?"

మఫ్తునా తలుపు వైపు చూసింది. ముప్పై దాటినట్టు లేదుగానీ, కళ్ళ కింద మాత్రం తల్లి వయసు కనపడుతోంది. "అప్పుడు మీరు కప్పిపుచ్చుతున్నారని అనుకోవాలి. అప్పుడు ఒకటి కాదు, రెండు కుర్చీలు ఖాళీ అవుతాయి. నాకేమన్నా సరదానా అక్కా? కాగితం తాష్కెంట్ నుంచి రావాలి. రోజూ ఎంత చెత్తబుట్టలోకి పోతోందో మీరూ చూస్తున్నారుగా."

పెరట్లో నీళ్ళ చప్పుడు ఆగింది. మఫ్తునా ఖాళీ చెప్పుల పెట్టెని కాలితో మిషన్ బల్ల కిందకి తోసి ముందు షాపులోకి వెళ్ళిపోయింది.

కరామత్ లోపలికొచ్చింది. కడిగిన రబ్బరు ముద్రల్ని తలగుడ్డ చివరలో పట్టుకుని ఒక్కొక్కటే తుడుస్తోంది. వెడల్పాటి మనిషి. మోచేతుల దాకా నీలం సిరా మరకలు. గది పొడుగునా వేసిన బల్లకి ఆ చివర, కిటికీ పక్కన, ఆవిడ కుర్చీ. ఈ చివర, తలుపు పక్కన, మిషన్. తలుపు తెరిచినప్పుడల్లా కోకంద్ ఊరి గాలి ముందుగా బర్నో వీపుకే తగులుతుంది. తలుపుకి దూరంగా ఉన్న చోటు పెద్దవాళ్ళది. తలుపు పక్కన కూర్చున్నవాళ్ళు లేవాలి, పొయ్యి ఎగదొయ్యాలి, టీ పొయ్యాలి. ఏ ఇంట్లోనైనా అంతే, ఏ పనిచోటైనా అంతే.

"ఏంటమ్మాయ్, మొహం అలా పెట్టావు?" అంది కరామత్ కూర్చుంటూ. "యజమానురాలు మంత్రం ఏదో వేసి వెళ్ళినట్టుంది."

"ఏం లేదక్కా. తొందరగా కానివ్వమంది."

"ఎప్పుడు కానివ్వద్దంది కనక!"

చేతిలో ఉన్నది పెద్ద పని. బట్టల వ్యాపారి భార్య రిసాలత్ కొడుకు పెళ్ళికి పిలుపు కాగితాలు. మామూలు కార్డులు వద్దంది ఆవిడ. తన అమ్మమ్మ అలమరాలో ఉండే పియాలాల్లా ఉండాలంది. ముదురు నీలం రంగు, దాని మీద బంగారు గీతలతో పత్తికాయ పువ్వు, అంచులు కాలానికి మాసినట్టు లేత గోధుమ రంగు. పియాలా ఆకారంలో మడత కార్డు, తెరిస్తే లోపల పిలుపు. కింద సాసరు, పైన కోడిగుడ్డు ఆకారంలో తెల్లటి మూతి, ఆ మూతిలో అడుగున తేనెరంగు కాగితంతో కొంచెం టీ.

"కొంచెమే," అని రిసాలత్ మరీమరీ చెప్పింది ఆ రోజు. "చుట్టాల్ని రమ్మని పిలుస్తున్నాను, పొమ్మని కాదు."

ఆవిడ వెళ్ళాక కరామత్ పడీపడీ నవ్వింది. "మా పక్కింటి హలీమా ఉందే, పొద్దున వస్తే మధ్యాహ్నం దాకా కదలదు. మొన్న విసుగొచ్చి, ఇక లేచి పొమ్మని దాని పియాలాలో అంచుదాకా పోశాను. చూసింది. నిండా పోశావేమిటే అనలేదు పాపం. బూరెలా మొహం పెట్టుకుని అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. ఇప్పుడు మా కోడితో కూడా మాట్లాడదు."

కరామత్ పని మొదలుపెట్టింది. నీలం కాగితం పరిచింది. ముద్రని జిగురు సిరాలో రెండుసార్లు తట్టి, కాగితం మీదకి తెచ్చి, గాల్లో ఒక క్షణం ఆపింది. ఆ ఆపడం ఈ మధ్య వచ్చింది. ముక్కు కాగితానికి తగిలేంతగా వంగి, ముద్ర దించి, అరచెయ్యి మొత్తంతో నొక్కింది. బంగారు పొడి చల్లి, కాగితం వంచి మిగిలిన పొడిని తిరిగి డబ్బాలోకి దులిపి, వేడిగాలి గొట్టం పట్టింది. పొడి కరిగి మెరిసింది.

పువ్వు చుట్టూ ఇంకో పువ్వు నీడలా పడి ఉంది. దించేటప్పుడు ముద్ర కదిలింది.

కరామత్ దాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుని చూసింది. కనపడిందో లేదో తెలియదు. బాగున్నవాటి మీదే పెట్టింది. కాసేపయ్యాక బర్నో ఆ దొంతర తీసుకుని కోతకి సర్దుకుంటూ, నీడ పడ్డ కాగితాన్ని విడిగా తీసి, ఒళ్ళో పెట్టుకుని, కరామత్ పొడి డబ్బా మూత బిగిస్తున్నప్పుడు కాళ్ళ దగ్గరి పెట్టెలోకి జారవిడిచింది. చప్పుడు రాలేదు. అయినా చెవులు వేడెక్కాయి.

ఈ కుర్చీ పోతే మళ్ళీ హోల్‌సేలు బజార్లో ఉల్లిపాయల బస్తాల దగ్గర నిలబడాలి. ఆ పని ఎలా ఉంటుందో ఆమె నడుముకి తెలుసు. మరోసారి పిడి తిప్పింది.

మర్నాడు కూడా అలాగే గడిచింది. మధ్యాహ్నానికి పెట్టె అడుగు కనపడకుండా పోయింది. కొన్ని చెరిగినవి, కొన్ని పక్కకి ఒరిగినవి, ఒకదాని మీద బంగారు వేలిముద్ర. ప్రతిదాన్నీ వేసేటప్పుడు బర్నోకి ఒకే మాట మనసులోకి వచ్చేది: ఇవి నేను పాడుచెయ్యలేదు కదా, ఉన్నవే కదా వేస్తున్నాను. ఆ మాట రెండోరోజు సాయంత్రానికి పనిచెయ్యడం మానేసింది. పెట్టె మీద తన పాత శాలువా కప్పింది. కనీసం కనపడకుండా ఉంటుంది.

టీ వేళకి లేచి పొయ్యి మీది నీళ్ళు టీ ఆకు వేసిన కూజాలో పోసింది. పద్ధతి ప్రకారం పియాలాలోకి ఒంపి, తిరిగి కూజాలోకి పోసి, అలా మూడుసార్లు చేసి, మూత పెట్టి ఆగింది. తరవాత కరామత్ పియాలాలో, మళ్ళీ అడిగేలా అడుగున ఒక్క గుక్క పోసి, ఎడమచెయ్యి గుండె మీద పెట్టుకుని అందించింది. రొట్టె తుంపి ముందు పెట్టింది.

"భుజం ఎలా ఉంది?" అని అడిగింది కరామత్.

"ఉంది, ఊడిపోలేదు."

"రాత్రికి గొర్రెకొవ్వు రాసి ఉన్ని గుడ్డ కట్టు. నేను పింగాణీ ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు కాల్చని పియాలాలు పేర్చిన చెక్కల్ని భుజాన మోసేవాళ్ళం. ఒక్కటి జారితే ఫోర్‌మన్ అరుపుకి మిగతావి కూడా జారేవి." పియాలా చాచింది. బర్నో ఇంకో గుక్క పోసింది. "ఈ పిడి అంత గట్టిదా? చూస్తే పిండి మర పిడిలా ఉంది."

"మీకెందుకక్కా ఇది. మీరు అక్కడ కూర్చోండి చాలు."

కరామత్ రొట్టె నోట్లో పెట్టుకుంది. ఆవిడ చూపు ఒకసారి బల్ల కిందకి, శాలువా మీదకి వెళ్ళి వచ్చింది. ఆ కళ్ళకి అంతదూరం కనపడదులే అనుకుంది బర్నో.

గురువారం గాలి లేచింది. కిటికీ అద్దాలు పొద్దుటినుంచీ గడగడలాడుతూనే ఉన్నాయి. సందులోని దుమ్ము తలుపు కింది నుంచి గీతలుగా లోపలికొచ్చి బర్నో చెప్పుల చుట్టూ చేరింది. కార్డులు కోసింది, తెల్లటి మూతులు కోసింది, సాసర్లు కోసింది. భోజనం తరవాత తేనెరంగు కాగితం తీసింది. అప్పటికి చెయ్యి తనది కానట్టుంది. పలక, అచ్చు, కాగితం, పలక, పిడి. పలక, అచ్చు, కాగితం, పలక, పిడి. కళ్ళు తెరిచే ఉన్నాయి, ఏమీ చూడటం లేదు. తేనెరంగు ముక్కలు బుట్టలో పోగుపడ్డాయి. బుట్ట తీసుకెళ్ళి కరామత్ ముందు పెట్టింది, మూతుల్లో అతికించమని.

మఫ్తునా షాపులోంచి తల లోపలికి పెట్టింది. "బర్నో అక్కా, జిగురు అయిపోవచ్చింది. బజారుకెళ్ళి తెస్తారా? నేను షాపు వదలలేను."

ఎదురుగాలిలో వెళ్ళి, తోసే గాలిలో తిరిగొచ్చింది. ఆమె వచ్చేసరికి కరామత్ చేతులు కట్టుకుని కూర్చుని ఉంది. ముందు బుట్ట ఖాళీ.

"టీ తక్కువైంది, ఇంకాసిని కొయ్యి," అంది.

"అదేంటక్కా, బుట్టెడు కోశానే?"

"నువ్వు తలుపు తెరిచి వదిలేసి పోయావుగా. గాలెత్తుకుపోయింది. ఈ ఊరి గాలి సంగతి కొత్తగా చెప్పాలా నీకు?"

"అన్నీనా?"

"నన్ను నిలబెట్టి లెక్కలడుగుతావేంటే? కొయ్యమ్మా, పొద్దుపోతోంది."

బర్నో వాదించలేదు. వాదించడానికి కూడా ఓపిక కావాలి. మిషన్ దగ్గర పలక మీద సాసరు మధ్య భాగం కోసే పెద్ద అచ్చు ఉండిపోయింది. దాన్ని తీసి అచ్చుల పళ్ళెంలో పడేసి, చిన్నది వెతికి పెట్టుకుంది. పిడి తిప్పింది. పొద్దుపోయేలోపు టీ అంతా కరామత్ చేతిలో అతుకుపడింది. ప్రతి మూతిలోనూ అడుగున కాసింత, చుట్టూ తెల్లగా. చూడముచ్చటగా ఉన్నాయి. వాటిని డబ్బాల్లో సర్దారు.

శుక్రవారం పొద్దున మఫ్తునా షాపు తెరవకుండానే వెనక గదిలోకి వచ్చింది. తలుపు వేసి గొళ్ళెం పెట్టింది. బర్నో అప్పుడే కూజాలో నీళ్ళు పోసింది. మూత పెట్టేలోపే మఫ్తునా వంగి, శాలువా తీసి, పెట్టె పైకెత్తింది.

"పిన్నీ, మీతో ఒక మాట చెప్పాలి," అంది. రాత్రంతా వల్లె వేసుకున్నట్టుంది ఆ గొంతు. "మీరంటే నాకెంత గౌరవమో మీకు తెలుసు. మా అమ్మ కూడా మీ పేరు చెబితే లేచి నిలబడుతుంది. కానీ పని పనే కదా. నేనేమీ ఊరికే అనడం లేదు. మీరే చూడండి."

పెట్టెని బల్ల మీద బోర్లించింది.

అడుగున ఉన్నవి పైకొచ్చాయి. నీడ పడ్డ పువ్వు. ఒరిగిన పువ్వు. బంగారు వేలిముద్ర. మఫ్తునా ఒక్కొక్కటే తీసి కరామత్ ముందు వరసగా పేర్చింది, పేకముక్కల్లా. కరామత్ వాటిని చూడలేదు. బర్నోని కూడా చూడలేదు. కిటికీ గట్టు మీద చేరిన దుమ్ముని చూపుడువేలితో ఒక చివరినుంచి ఇంకో చివరికి తోస్తోంది.

బర్నో నేల చూస్తూ నిలబడింది. ఇప్పుడు నన్ను ఏదైనా అనాలి, అనుకుంది. బూతులు తిట్టినా బాగుండు.

"ఇదేంటి?" అంది మఫ్తునా.

పోగు మధ్యలోంచి ఇంకొకటి తీసింది. పువ్వు ఎక్కడా చెదరలేదు. బంగారు అంచు వెంట్రుకవాసి కూడా తప్పలేదు. కానీ మూతిలో తెలుపు లేదు. టీ అంచుదాకా ఉంది. ఇంకొకటి తీసింది, అదీ అంతే. కింద ఉన్నవన్నీ అంతే. ముద్దొచ్చే పియాలాలు, పొంగిపోయేంత నిండుగా.

మఫ్తునా చేతిలోవి బల్ల మీద పడేసింది. "దేవుడా! ఇవి రిసాలత్ అమ్మ చేతికి వెళ్ళుంటే? పెళ్ళికి రండి అని రాసి, పైన పొండి అని బొమ్మ వేసి... ఊళ్ళో తల ఎత్తుకోగలనా నేను? డబ్బాల్లోకి కూడా వెళ్ళాయా ఇవి?"

"వెళ్ళలేదు," అంది కరామత్. "వేలు పెడితే తెల్ల అంచు తగల్లేదు. అప్పుడు ఆపేశాను. అతికించినవి అన్నీ ఇక్కడే ఉన్నాయి. అతికించనివి పొయ్యిలో వేశాను."

"ఎవరు కోశారు ఇవి?"

బర్నోకి పళ్ళెంలో పడేసిన పెద్ద అచ్చు కళ్ళ ముందు నిలబడింది. పలక, అచ్చు, కాగితం, పలక, పిడి. నోరు తెరిచేలోపు కరామత్ మాట వచ్చేసింది.

"నేనే. నిన్న ఇది జిగురుకని బజారుకెళ్ళినప్పుడు మిషన్ తిప్పాను. ఏ అచ్చు ఏదో కనపడలేదు."

"మిషన్ దగ్గరికి మీరెందుకు వెళ్ళారు పిన్నీ?"

"వెళ్ళానమ్మా. ముసలిదాని బుద్ధి. పెట్టెలో వెయ్యమన్నావుగా నేను పాడుచేసినవన్నీ, ఇవీ అందులోవే."

కరామత్‌కి పెట్టె సంగతి మొదటిరోజే తెలుసు. ఒళ్ళోంచి జారవిడిచిన ప్రతి కాగితమూ తెలుసు. తెలిసీ, తన తప్పుల మీద బర్నో తప్పుని కూడా పేర్చి, పైన శాలువా మళ్ళీ కప్పింది. బర్నో ఇప్పుడు చెయ్యవలసింది ఏమీ లేదు. నోరు మూసుకుని నిలబడితే చాలు. రేపు ఆడపడుచు కూతురు వస్తుంది, కిటికీ పక్కన కూర్చుంటుంది, ఈ కుర్చీ ఇలాగే ఉంటుంది.

చేతిలో కూజా వేడిగా ఉంది.

బర్నో కరామత్ పియాలా తీసుకుని అడుగున ఒక్క గుక్క పోసింది. కిటికీ దాకా నడిచి, ఎడమచెయ్యి గుండె మీద పెట్టుకుని, ఆవిడ ముందు పెట్టింది. తిరిగొచ్చి మఫ్తునాకి ఒక్క గుక్క పోసింది. తరవాత తన పియాలా బల్ల మీద పెట్టి పోయడం మొదలుపెట్టింది. సగం దాటింది. ముప్పావు దాటింది. ఆపలేదు. టీ అంచుకి చేరి, అంచు మీద ఉబ్బి, ఒక చుక్క జారి బల్ల మీది నీలం కాగితం మీద పడింది.

"ఏం చేస్తున్నారక్కా?" అంది మఫ్తునా.

"నాకు నేను పోసుకుంటున్నాను, మఫ్తునా." గొంతు మామూలుగానే ఉంది, అలిసిపోయిన గొంతు. "ఆ టీ కోసింది నేను. పెద్ద అచ్చు పెట్టి బుట్టెడు కోశాను. అక్క మిషన్ ముట్టుకోలేదు. తనకి దాన్ని ఎటు తిప్పాలో కూడా తెలీదు. డబ్బాలు మీరు తలెత్తుకునేలా ఉన్నాయంటే ఆవిడ వేలి పుణ్యం. నేనైతే చూసేదాన్ని కూడా కాదు."

శాలువా దులిపి భుజాన వేసుకుంది.

"ఆగు," అంది కరామత్.

లేచి, బల్ల అంచు పట్టుకుంటూ ఈ చివరకి వచ్చింది. నిండిన పియాలాని రెండు వేళ్ళతో ఎత్తింది. ఒక్క చుక్క కూడా ఒలకలేదు. కూజా మూత తీసి, మొత్తం తిరిగి అందులో ఒంపేసింది.

"టీ ఇంకా దిగనేలేదు. కూజాలోకి తిరగపొయ్యకుండానే వడ్డిస్తున్నావు. పుట్టింట్లో ఎవరూ నేర్పలేదా?"

మఫ్తునా స్టూలు మీద కూలబడింది. "ఇద్దరూ కలిసి నన్ను చంపుతున్నారు. నేనేం చెయ్యాలి చెప్పండి. ముద్రలు చెరుగుతున్నాయి, అది అబద్ధమా? అచ్చులు మారుతున్నాయి, అది అబద్ధమా?"

"ఏదీ అబద్ధం కాదు," అంది కరామత్.

తరవాత కిటికీ దగ్గరికి తిరిగి వెళ్ళి, తన కుర్చీ మీది దిండు చంకన పెట్టుకుంది. ముద్రల పెట్టె అక్కడే వదిలేసింది. నడిచి తలుపు పక్కకి వచ్చి, మిషన్ ముందున్న కుర్చీలో దిండు వేసి కూర్చుంది.

బర్నో ఆవిడ దగ్గరికి అడుగేసింది. "అక్కా! అక్కడొద్దు. గాలి కొడుతుంది. తలుపు దగ్గర మీరేంటి, ఎవరైనా చూస్తే..."

"చూడనీ. ఫలానా కరామత్ కిందకి దిగిందంటారు. దిగింది మరి." పిడి మీద చెయ్యి వేసింది. వెడల్పాటి చెయ్యి, పిడి అందులో కనపడకుండా పోయింది. "ఇంతకాలం నన్ను లెమ్మని మీలో ఒక్కరైనా అనగలిగారా? అనలేరు. నేనే లేవాలి. లేవబుద్ధి కాలేదు, అంతే. కిటికీ దగ్గర ఎండ బాగుంటుంది." అచ్చుల పళ్ళెం దగ్గరికి లాక్కుని, వేళ్ళతో తడుముతూ రెండు కోడిగుడ్డు అచ్చుల్ని వేరుచేసింది. "ఇది చిన్నది. ఇది పెద్దది. వీటికి కళ్ళక్కర్లేదు. నువ్వెళ్ళి ముద్రలు వెయ్యి, అమ్మాయ్. కళ్ళున్నదానివి. ఆ భుజానికి కాస్త తెరిపి ఉంటుంది."

పలకలు సర్ది పిడి తిప్పింది. మిషన్ మూలగకుండానే పలకలు ఒక్క ఊపున దాటాయి. తెగిన పియాలా ఎత్తి, చుట్టూ బొటనవేలు తిప్పింది.

"కుడి మూల తెగలేదు."

"అక్కడ క్యాలెండర్ ముక్క పెట్టాలి," అంది బర్నో.

"ఏది, ఇలా ఇవ్వు."

మఫ్తునా వాళ్ళిద్దర్నీ చూసింది. తన ముందున్న గుక్కెడు టీ తాగేసింది. ఫోన్ తీసి, ఎవరినో పలకరించి, యోగక్షేమాలన్నీ అడిగి, అప్పుడు అంది, "రేపు రావద్దు తల్లీ. లేదు లేదు, ఏం జరగలేదు. ఇక్కడ కుర్చీలు ఖాళీ లేవు." లేచి, బల్ల మీది నిండు పియాలాల్నీ చెరిగిన పువ్వుల్నీ రెండు చేతులా ఊడ్చి పెట్టెలో వేసి, పెట్టెని పొయ్యి పక్కకి తన్నింది. గొళ్ళెం తీసి షాపులోకి వెళ్ళింది.

బర్నో కిటికీ పక్కన కూర్చుంది. ఇన్నాళ్ళలో ఎప్పుడూ అక్కడ కూర్చోలేదు. గోడ వెనక ఒక మల్బరీ చెట్టు ఉందనీ, దాని కొమ్మ ఒకటి అద్దానికి రాసుకుంటోందనీ ఇప్పుడే తెలిసింది. ఆ గడగడ దానిదే. నీలం కాగితం పరిచి, ముద్రని సిరాలో తట్టి, దించి, అరచెయ్యి మొత్తంతో నొక్కింది. పొడి చల్లి, దులిపి, వేడిగాలి పట్టింది. పువ్వు ఒక్కటే పడింది. దాని చుట్టూ నీడ లేదు.

టీ వేళకి అలవాటుగా లేవబోయింది.

"కూర్చో," అంది తలుపు దగ్గర్నుంచి కరామత్. "ఇక్కడ కూర్చున్నవాళ్ళ పని అది."

మూడుసార్లు కూజాలోకి తిరగపోసి, మూత పెట్టి, ఆగింది. పియాలా తీసుకుని గది పొడుగునా నడిచొచ్చింది, ఎడమచెయ్యి గుండె మీద పెట్టుకుని. బర్నో లేచి నిలబడి రెండు చేతులా అందుకుంది. లోపల చూసింది. అడుగున ఒక్క గుక్క, చుట్టూ అంతా తెలుపే.

తాగేసి, పియాలా మళ్ళీ చాచింది.